ఒక సోల్ గాయని, ఆమె ‘ఊఁ’: వాయిస్ కోచ్ కేసు నోట్స్

ఈ కేసు రాయడానికి ఆమె ఒప్పుకుంది. రాసింది చదివి రెండుచోట్ల దిద్దింది కూడా. ఊరు, ఉద్యోగం, వయసు, బ్యాండు వివరాలు ఆమెను గుర్తుపట్టే వీలు లేకుండా మార్చాను, కొన్ని వదిలేశాను. గొంతు గురించి, పాట గురించి రాసినవి మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి.

నేను అమెరికాలో చాలా ఏళ్ళుగా పాడేవాళ్ళ గొంతులతో పనిచేస్తున్నాను. అంతకుముందు విజయవాడలో పదేళ్ళు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. ఈ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఈ కేసులో నేను చేసిన పెద్ద పొరపాటు ఆ చదువు మీద నాకున్న ప్రేమలోంచే వచ్చింది.

నేపథ్యం

ముప్పై దాటిన తెలుగమ్మాయి. తొమ్మిదో ఏట గుంటూరు వైపు పల్లె నుంచి అమ్మానాన్నలతో ఇక్కడికి వచ్చింది. క్రైస్తవ కుటుంబం. ఇక్కడ తెలుగువాళ్ళ చిన్న చర్చిలో పన్నెండో ఏటి నుంచి కీబోర్డు వాయించేది. కాలేజీలో ఉన్నప్పుడు రూమ్మేటు, ఒక నల్లజాతి అమ్మాయి, ఒక ఆదివారం తమ చర్చికి తీసుకెళ్ళింది. ఆ రోజు విన్న పాట ఆమెను వదల్లేదు. చదువు అయ్యాక ఉద్యోగం చేసుకుంటూనే ఆరుగురున్న ఒక సోల్ బ్యాండులో గాయనిగా చేరింది. శుక్ర, శనివారాల్లో బార్లలో షోలు. అన్నీ పాత సోల్ పాటలే.

సోల్ తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. నల్లజాతి చర్చిల్లో పాడే గాస్పెల్ పద్ధతి 1950లలో బయటి పాటల్లోకి వచ్చి సోల్ అయింది. రే చార్ల్స్, సామ్ కుక్ లాంటివాళ్ళు ఆ దారి వేశారు. పాస్టరు ఒక మాట అంటే జనం ‘ఆమెన్’, ‘యెస్’ అని అందుకోవడం, ఒకే అక్షరం మీద స్వరాలను జలజలా దొర్లించడం (వీటిని రన్స్ అంటారు), తాళానికి వెంట్రుకవాసి వెనక నిలబడి పాడటం, ఇవి చాలావరకు చర్చి నుంచి వచ్చినవే.

ఏ సమస్యతో వచ్చింది

మొదటి రోజు కూర్చోగానే అన్న మాట: ‘ఆంటీ, నా గొంతు పోతోంది.’

ఆ మాటలో రెండు సమస్యలున్నాయని అప్పుడు నాకు తెలియలేదు. మొదటిది పైకి కనిపించేది. శనివారం షో అయ్యాక ఆదివారం పొద్దున మాట బొంగురుపోయేది. మొదట్లో సోమవారానికి సర్దుకునేది. నా దగ్గరికి వచ్చేనాటికి ఆరు వారాలుగా పూర్తిగా తేరుకోలేదు. రెండోది ఆమె వెళ్ళబోతూ తలుపు దగ్గర చెప్పింది. ఒక ప్రొడ్యూసర్ ఆమె డెమో విని, ‘చాలా బాగా పాడావు. కానీ ఈ గొంతు నేను ఇదివరకే విన్నాను’ అన్నాడట.

డెమో నేనూ విన్నాను. ఆయన అన్నది నిజమే. ఒక పాటలో అరెతా ఫ్రాంక్లిన్, ఇంకో పాటలో ఎట్టా జేమ్స్, మూడో పాటలో గ్లాడిస్ నైట్ వినిపించారు, ముగ్గురూ పేరున్న సోల్ గాయనులే. ఆ అనుకరణ వెనక ఎన్నో ఏళ్ళ కష్టం ఉంది. ఈ అమ్మాయి మాత్రం ఎక్కడా వినిపించలేదు.

మొదటి నిర్ణయం: ముందు గొంతు, తర్వాతే కళ

బొంగురు నాలుగు వారాలు దాటితే స్వరతంత్రులను చూడకుండా నేను పాఠం మొదలుపెట్టను. లోపల ఏముందో తెలియకుండా ఎక్సర్‌సైజులు ఇవ్వడం చీకట్లో బాణం వేయడమే. ఈఎన్‌టీ డాక్టరు స్ట్రోబోస్కోపీ (మెరిసే వెలుగులో తంత్రులు కదిలే తీరు చూసే పరీక్ష) చేశారు. రెండు తంత్రుల అంచుల మీదా కాస్త వాపు ఉంది, నాడ్యూల్స్ (గట్టిపడ్డ చిన్న బుడిపెలు) లేవు. ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం.

ఒక షోకి వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. పాఠం గదిలో ఎప్పటికీ తెలియని మూడు సంగతులు అక్కడ అరగంటలో తెలిశాయి. స్టేజీ మీద డ్రమ్స్ మోతలో ఆమెకు తన గొంతు తనకే వినపడటం లేదు. చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. దీన్ని లంబార్డ్ ఎఫెక్ట్ అంటారు. రెండోది, సెట్టుకీ సెట్టుకీ మధ్య విశ్రాంతి తీసుకోవాల్సింది పోయి ఆ గోలలోనే స్నేహితులతో అరిచి మాట్లాడుతోంది. మూడోది, పాటలన్నీ ఒరిజినల్ శ్రుతిలోనే పాడుతోంది, అది ఆమె శరీరానికి సరిపోతుందో లేదో చూసుకోకుండా.

తన గొంతు తనకు వినపడేలా చెవిలో పెట్టుకునే మానిటర్లు తెప్పించాం. బ్రేకులో మాటలు బంద్. రోజూ సన్నటి స్ట్రాలోంచి ఊదుతూ స్వరాలు పలికే సాధన ఇచ్చాను. ఇంగో టిట్జె అనే స్వరశాస్త్రవేత్త బాగా ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. నోటి దగ్గర దారి సన్నగా ఉంటే లోపలికి కాస్త ఎదురు ఒత్తిడి వస్తుంది, దాంతో తంత్రులు ఒకదాన్నొకటి గట్టిగా కొట్టుకోకుండానే నాదం పుడుతుంది. ఎనిమిది వారాలకు బొంగురు పోయింది. మళ్ళీ పరీక్ష చేస్తే వాపు లేదు.

చాలా కేసులు ఇక్కడ ముగుస్తాయి. దీన్నీ ముగించేసేదాన్నే. కానీ ఆ రోజు ఆమె సంతోషంగా లేదు. ‘ఇప్పుడు ఇంకా బాగా వాళ్ళలా పాడుతున్నాను ఆంటీ’ అంది.

నేను తప్పిన చోటు

నా ఆలోచన ఇలా సాగింది: ఈమె తెలుగమ్మాయి. తెలుగు సంగీతంలో గమకం (స్వరాన్ని ఊపి పలకడం) ఉంది, సోల్‌లో రన్స్ ఉన్నాయి. సోల్ పాటల్లో తరచూ వినిపించే ఐదు స్వరాల వరస మన మోహన రాగం స్వరాలే. మైనర్ పాటల్లో వినిపించేది శుద్ధ ధన్యాసి స్వరాలు. రెంటినీ కలిపితే ఎవరి దగ్గరా లేని గొంతు వస్తుంది కదా!

మూడు నెలలు ఆ పని చేయించాను. గాంధారాన్ని ఎలా పట్టుకోవాలి, ధైవతాన్ని ఎలా ఊపాలి, అన్నీ చెప్పాను. అమ్మాయికి చెవి మంచిది, తొందరగానే పట్టుకుంది. విన్నవాళ్ళు ‘వెరైటీగా ఉంది’ అన్నారు. ఆ మాట రెండుసార్లు విన్నాక నాకు భయం వేసింది. వెరైటీగా ఉంది అన్న పాటను ఎవరూ రెండోసారి పెట్టమని అడగరు.

సాంకేతికంగా ఎందుకు కుదరలేదో తర్వాత అర్థమైంది. గమకం స్వరంలో భాగం. ఫలానా రాగంలో గాంధారం అంటే ఆ ఊపుతో కలిపే గాంధారం. సోల్ గాయని రన్ వేసేది మాట చాలనప్పుడు. చెప్పాల్సింది ఇంకా మిగిలిపోతే స్వరాలు దాన్ని మోసుకుపోతాయి. ఒకటి స్వరం స్వభావం, ఇంకొకటి మనిషి అప్పటికప్పుడు పొంగిపోవడం. తాళం విషయంలోనూ ఇదే పొరపాటు చేశాను. సోల్‌లో తాళానికి వెనక పాడటాన్ని మన అనాగత ఎత్తుగడతో పోల్చి చెప్పాను. మనది లెక్క ప్రకారం తర్వాత ఎత్తుకోవడం. వాళ్ళది లెక్కకు అందనంత చిన్న ఆలస్యం, అదీ మాట మాటకూ మారుతుంది. ఆమె లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పాటలో ఉన్న కాస్త ప్రాణమూ పోయింది.

అసలు తప్పు వేరే ఉంది. అది ఆమే చెప్పింది, చాలా మర్యాదగా: ‘ఆంటీ, ఇది మీ ఇంటి పాట. మా ఇంట్లో ఇది లేదు.’

ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. తెలుగమ్మాయి అనగానే నాకు త్యాగరాజు గుర్తొచ్చాడు. ఆమె చెవిన పడి పెరిగిన తెలుగు పాట వేరు: డోలక్, కంజీర, చాప మీద కూర్చున్న ఆడవాళ్ళు, చదువు రాని అమ్మమ్మ నోట కీర్తన. తెలుగు క్రైస్తవ కీర్తనలకు రాగం, తాళం పేర్లు పుస్తకంలో అచ్చయి ఉంటాయి. కానీ అమ్మమ్మ పుస్తకం చూసి పాడలేదు, ఆమెకు తెలిసిన బాణీలో పాడింది. మూడు నెలలుగా ఈ పిల్ల ఇంటి గురించి ఒక్క ప్రశ్నా అడగకుండా నా ఇంటిని ఆమె గొంతులో వెతికాను.

రెండో ప్రయత్నమూ విఫలమే, క్లుప్తంగా చెప్తాను. రన్స్ అన్నీ మానేసి సాదాగా పాడమన్నాను. నగలన్నీ తీసేస్తే అసలు ముఖం కనిపిస్తుందనుకున్నాను. రెండు వారాలకే ఆమె పాట పరీక్షలో అప్పజెప్పినట్టు తయారైంది. ఎందుకిలా బిగుసుకుపోతున్నావని అడిగితే ఏడ్చేసింది. చాలాసేపటికి చెప్పింది: ‘ఇది నల్లవాళ్ళ పాట. వాళ్ళు ఎన్ని బాధలు పడి పాడారో నాకు తెలుసు. నేను అచ్చం వాళ్ళలా పాడితే, నువ్వెవరు పాడటానికి అని ఎవరూ అడగరు. ఒక్క స్వరం నాదైతే అడుగుతారు.’

అనుకరణ ఆమెకు గేట్‌పాస్ అన్నమాట. దాన్ని లాగేసుకుని, బదులుగా ఏమీ ఇవ్వకుండా బయట నిలబెట్టాను. ‘సంగీతానికి ఎల్లలు లేవమ్మా’ అని తేలిగ్గా అనేయాలనిపించింది, అనలేదు. ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు ఆమే వెతుక్కోవాలి. ఆ రోజు ఒక్కటే సలహా ఇచ్చాను: వాళ్ళ యాసను అరువు తెచ్చుకోకు, నువ్వు ఆఫీసులో మాట్లాడే ఇంగ్లీషులోనే పాడు. ఆ ఒక్క మార్పుతో దవడ సగం బిగువు వదిలింది.

ఫోన్

ఆ తర్వాతి వారం పాఠం మధ్యలో ఆమె ఫోన్ మోగింది. మాకు సాయంత్రం, గుంటూరులో తెల్లారుతోంది. అమ్మమ్మ వాట్సాప్ కాల్. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి రెండు రోజులే అయిందట, అందుకే నన్ను అడిగి ఎత్తింది.

‘ఏమే తల్లీ, తిన్నావా?’

‘ఇంకా లేదు అమ్మమ్మా. నీకు నొప్పి తగ్గిందా?’

నేను నోట్స్ రాసుకుంటున్నదాన్ని తలెత్తి చూశాను. గదిలో ఇంకెవరో ఉన్నట్టు అనిపించింది. గొంతు దిగింది. భుజాలు దిగాయి. అమ్మమ్మ రాత్రి నిద్ర పట్టని సంగతి చెప్తుంటే ఈ అమ్మాయి మధ్యమధ్యలో ‘ఊఁ... ఊఁ...’ అంటోంది. పెదాలు మూసుకునే, ఛాతీలోంచి. ఒక్కో ‘ఊఁ’ ఒక్కోలా ఉంది. ఒకటి ‘వింటున్నా’ అని, ఒకటి ‘అయ్యో’ అని, ఒకటి కిందికి జారి చివర కాస్త చిట్లి ‘నేను దగ్గర లేనే’ అని. ఏడు నెలలుగా వెతుకుతున్న గొంతు నా ఎదురుగా కూర్చుని అమ్మమ్మతో మాట్లాడుతోంది.

తర్వాత ఆమె అనుమతితో రెండు రికార్డింగులు చేశాం. ఒకటి ఆఫీసు మీటింగు గురించి ఇంగ్లీషులో, ఒకటి అమ్మమ్మ గురించి తెలుగులో. ఇంగ్లీషులో మాట సగటున 220 హెర్ట్జ్ దగ్గర, తెలుగులో 185 దగ్గర నిలిచింది. దాదాపు మూడు అరస్వరాల తేడా. భాష మారితే శ్రుతి మారడం రెండు భాషలు మాట్లాడేవాళ్ళలో వింతేమీ కాదు. ఆమె పాటంతా ఆఫీసు గొంతు మీద కట్టుకుందన్నది మాత్రం నాకు కొత్తగా తెలిసింది.

ఏది పనిచేసింది

మొదట శ్రుతి దించాం. సి లో పాడే పాటలను ఎ-ఫ్లాట్‌కి, అంటే నాలుగు అరస్వరాలు కిందికి. సాక్సఫోన్, ట్రంపెట్ వాళ్ళకు ఫ్లాట్ శ్రుతులు అలవాటే. గిటార్ అతనే కొన్నాళ్ళు గొణిగాడు. దించగానే పైస్థాయిలో వచ్చే మెరుపు కొంత పోయింది. ఆమె కంగారు పడింది, నేను పడలేదు. ఫోన్‌లో విన్న గొంతు ఆ కింది స్థాయిలోనే ఉంది.

రెండోది, చేతులు. ఇక్కడ అరెతా ఫ్రాంక్లిన్ కథే దారి చూపించింది. 1960లో ఆమెను కొలంబియా కంపెనీ తీసుకుంది. ఆరేళ్ళ పాటు ఎక్కువగా జాజ్ పాటలు, వెనక తంత్రీవాద్యాలతో నాజూకు పాటలు పాడించారు. గొంతు గొప్పదని అందరికీ తెలుసు, పాటలు మాత్రం జనంలోకి పెద్దగా వెళ్ళలేదు. 1966 చివర్లో అట్లాంటిక్ కంపెనీకి మారింది. 1967 జనవరిలో ప్రొడ్యూసర్ జెర్రీ వెక్స్‌లర్ ఆమెను అలబామాలో మజిల్ షోల్స్ అనే చిన్న ఊళ్ళోని ఫేమ్ స్టూడియోకి తీసుకెళ్ళి పియానో ముందు కూర్చోబెట్టాడు. అక్కడి కీబోర్డు కళాకారుడు స్పూనర్ ఓల్డ్‌హామ్ ఎలక్ట్రిక్ పియానోకి జరిగాడు. చిన్నప్పుడు డెట్రాయిట్‌లో తండ్రి చర్చిలో పెరిగిన ఆ చేతులు వాయిస్తుంటే చుట్టూ ఉన్నవాళ్ళు అందుకున్నారు. ఆ సెషన్ గొడవలతో మధ్యలోనే ఆగిపోయింది. అయినా అప్పటికి ఒక పాట పూర్తయింది, ఆమె దారి తేలిపోయింది.

నేను అందులోంచి తీసుకున్న పాఠం గాయని చేతికి లయ ఇవ్వడం. నిలబడి మైక్ పట్టుకున్న గాయని బ్యాండు వేసిన రోడ్డు మీద నడుస్తుంది. తనే వాయిస్తే ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, మాట ఎంతసేపు ఆపాలో చేతులే నిర్ణయిస్తాయి. పైగా రెండు చేతులూ పనిలో ఉంటే అనవసరమైన రన్ వేయడానికి తీరిక ఉండదు. నేను నిషేధంతో సాధించలేనిది అలా సాధ్యమైంది. బ్యాండులో చేరిన రోజు మానేసిన కీబోర్డును ఆమె మళ్ళీ ముట్టుకుంది. మొదటి వారం చేతులు తడబడ్డాయి. మూడో వారం ఎడమచేతి బేస్ నడకలో తెలుగు చర్చిలో విన్న డోలక్ దెబ్బ వినిపించింది. నేనేమీ అనలేదు, చెప్తే మళ్ళీ లెక్కపెడుతుందని.

మూడోది భాష. అమ్మమ్మ మీద సొంతంగా పాట రాస్తానంది. తెలుగులో రాస్తుందనుకున్నాను. ఆమే ప్రయత్నించి మానేసింది, ఆమె చెప్పిన కారణం నాకు నచ్చింది. దాదాపు ప్రతి తెలుగు మాటా అచ్చుతో ముగుస్తుంది. వాక్యం చివర తలుపు తెరిచే ఉంటుంది, దాంతో గొంతు మళ్ళీ రన్స్‌లోకి పరిగెడుతోంది. ఇంగ్లీషులో చివర ట్, క్, ప్ వచ్చి మాటను టక్కున ఆపుతాయి. డ్రమ్ములా వాడుకోవచ్చు. పైగా మనకు హ్రస్వదీర్ఘాలతో అర్థం మారుతుంది, ‘కల’ను ఇష్టం వచ్చినట్టు సాగదీస్తే ‘కాల’ అవుతుంది. సోల్‌లో ఆ సాగదీతే ప్రాణం. పాట ఇంగ్లీషులోనే వచ్చింది. తెలుగు గాయని తనను కనుక్కోవడమంటే తెలుగులో పాడటమే అని నాలో ఇంకా మిగిలి ఉన్న మొండి నమ్మకం ఆ రోజు పోయింది.

ఇక ‘ఊఁ’. పాటలో ఒక్కో వరస తర్వాత ఖాళీ ఉంది. బ్యాండు వాళ్ళు అక్కడ ట్రంపెట్ పెట్టారు, బాగుంది కానీ అలవాటైన బాగుదనం. రిహార్సల్ ఫోన్‌లో రికార్డయి వచ్చింది. ఆ ఖాళీలో, ట్రంపెట్ ఊపిరి తీసుకుంటున్న చోట, ఆమె తనకే తెలియకుండా మెల్లగా ‘ఊఁ’ అంది. మన ఊళ్ళో కథ చెప్పేవాళ్ళకు ఊఁ కొడతాం కదా, అదే. నల్లజాతి చర్చిలో పాస్టరుకు జనం ఇచ్చే జవాబు, పెదాలు మూసి తీసే మూలుగులాంటి రాగం, దీనికి దగ్గరి చుట్టాలు. రెండు చర్చిలూ ఆ ఒక్క చప్పుడులో కలిశాయి. ఎవరూ కలపలేదు. ఆమె ప్రశ్నకు కూడా అక్కడే కొంత జవాబు దొరికిందని తర్వాత చెప్పింది: ‘నేను వాళ్ళ మాట తీసుకోవట్లేదు. వింటున్నా అంటున్నాను.’

ట్రంపెట్ తీసేశాం. వెనక పాడే ఇద్దరికి ఆమె ‘ఊఁ’ నేర్పించింది. వాళ్ళలో ఒకరు గాస్పెల్ క్వైర్‌లో పెరిగినామె. ‘మా నానమ్మా ఇలాగే అంటుంది’ అని నవ్విందట.

ఇప్పుడు నా పద్ధతిలో మారినవి

కొత్తగా వచ్చినవాళ్ళను ఏ సంగీతం నేర్చుకున్నారని అడిగేదాన్ని. ఇప్పుడు ముందు, ఇంట్లో ఎవరు పాడేవారు, ఎక్కడ కూర్చుని వినేవారు అని అడుగుతున్నాను. పాట రికార్డు చేసేలోపే మాట రికార్డు చేస్తున్నాను, వాళ్ళకు వచ్చిన అన్ని భాషల్లో, వీలైతే వాళ్ళకు ఇష్టమైన ఒక మనిషితో మాట్లాడుతుండగా. ఎవరైనా అనుకరిస్తుంటే దాన్ని తీసేసే ముందు అది వాళ్ళను దేన్నుంచి కాపాడుతోందో తెలుసుకుంటున్నాను. నా సంగీతాన్ని సలహాగా ఇవ్వబోతే ఒక వారం ఆగుతున్నాను. ఈ చివరిదే నాకు కష్టంగా ఉంది.

పద్నాలుగు నెలల తర్వాత

బొంగురు ఒక్కసారే వచ్చింది, చలికాలంలో జలుబుతో. వారంలో పోయింది. రెండు బార్లు షోలు ఆపేశాయి, వాళ్ళకు పాత పాటలు పాతలాగే కావాలి. ట్రంపెట్ అతను వేరే బ్యాండుకు వెళ్ళిపోయాడు. సొంత పాటలు ఐదయ్యాయి. పాత ప్రొడ్యూసర్‌కి ఆమె పంపలేదు, పంపమని నేనూ అడగలేదు.

మొదటి పాట అమ్మమ్మకు ఫోన్‌లో వినిపించింది. ఆమెకు ఇంగ్లీషు రాదు. వరస వరసకూ ‘ఊఁ’ కొడుతూ చివరిదాకా విని, ‘ఎవరికి చెప్తున్నావే ఇదంతా?’ అని అడిగిందట.

ఆరో పాట మీద ఇప్పుడు మా ఇద్దరికీ కుదరడం లేదు. దాన్ని డి లో, బాగా పైన పాడతానంటుంది. గొంతు అలుస్తుందని నా భయం. ఆ పాటలో తను అమ్మమ్మతో మాట్లాడటం లేదని, కోపంగా ఉన్నానని అంటోంది. వచ్చే మంగళవారం రెండు శ్రుతుల్లోనూ పాడి వింటాం.